మామిడి పూతవేళ: మెట్టపల్లెల చలికాలపు వేడుకలు

చరిత్ర గ్రంథములలో యుద్ధములకు తేదీలు కలవు. పట్టాభిషేకములకు తేదీలు కలవు. చలికి మాత్రము తేదీ లేదు. ఏ రాజు ఏ కోటను ఎన్నడు ముట్టడించెనో మనకు తెలియును. కాని ఆ సంవత్సరము పుష్యమాసమున ఆ కోట క్రింది పల్లెలో ఒక సామాన్య గృహస్థు రాత్రి ఎట్లు గడపెనో, ఏమి కప్పుకొనెనో, వేకువజామున పిల్లల చేతిలో ఏమి పెట్టెనో తెలుపు శాసనము కానరాదు. తిండి, బట్ట, ఆట, పాట ఇవియు చరిత్రయే అని సురవరము ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ద్వారా మనకు నేర్పినారు. 1955లో తెలుగునకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే లభించినది. ఆ మార్గముననే ఒకటి రెండడుగులు వేసి, నూజివీటి మామిడి సీమలోని విస్సన్నపేట పరిసరములలో చలికాలము ఎట్లు గడచెడిదో శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదటనే ఒక్క మాట. ఈ సీమలో చలికాలపు వేడుకలు అనేకములు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలించినచో, దాదాపు అన్నియు మరియొక పనిలో మిగిలిన వస్తువు నుండి పుట్టినవే అని తెలియును. తిని పారవేసిన టెంక, ఎడ్ల కొరకు ఉడికించిన ఉలవల నీరు, చిరిగిన చీర, దంపిన వడ్ల ఊక, పశువుల పేడ: ఇవియే ఆ వేడుకలకు మూలధనము. వీనికి తోడైనవి రెండు చేతులు, ఇరుగుపొరుగు. మిగిలిన దానిని వెచ్చదనముగా మార్చుకొని, ఆ వెచ్చదనమును పంచుకొనుటయే ఈ పల్లెల చలికాలపు చరిత్ర.

విస్సన్నపేట మెట్టసీమ. కృష్ణా డెల్టాలోని కాలువలు ఇక్కడికి రావు. చెరువు క్రింద కొంత వరి, మిగిలిన నేలలో జొన్న, ఉలవ వంటి మెట్టపైరులు, ఆపైన ఎటు చూచినను మామిడి తోటలు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతయు కృష్ణా జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోనికి, విస్సన్నపేట ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి పోయినవి. మామిడి చెట్లకు మాత్రము ఆ సరిహద్దు తెలియదు. రెండు వైపులను ఒకే చలికి ఒకే పూత పూయుచున్నవి.

ఇక్కడి చలి హిమాలయపు చలి కాదు. విజయవాడలో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 18, 19 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున ఉండును. మెట్టకు పోయినకొలది అది మరికొంత తగ్గును. ఉత్తరదేశపువారు ఈ అంకెలను విని నవ్వవచ్చును. కాని చలిని కొలుచునది ఉష్ణమాపకము ఒక్కటే కాదు. తాటియాకు కప్పు, తడిక గోడ, ఒంటిపై ఒక్క వస్త్రము, తెల్లవారకముందే మంచు తడిసిన చేలోనికి పోవలసిన పని ఉన్నవానికి ఆ 18 డిగ్రీలే చాలును. అందుచేతనే మన సామెతలలో చలికాలము అంత స్పష్టముగా నిలిచినది. మార్గశిరములో మాట్లాడ పొద్దుండదు, పుష్యములో పూసగుచ్చ పొద్దుండదు అన్నారు. శివరాత్రికి చలి శివశివా అని పోవునన్నారు. గడియారము, పంచాంగము లేని ఇండ్లలో ఈ మాటలే గడియారము, ఈ మాటలే పంచాంగము.

ఈ చలికి సాక్ష్యము సాహిత్యములో బహు ప్రాచీనమైనది కలదు. శాతవాహన ప్రభువైన హాలుని పేర ప్రసిద్ధమైన ‘గాథాసప్తశతి’ దక్కను పల్లెల జీవితమును చూపు ప్రాకృత కావ్యము. అందొక గాథలో మాఘమాసమున ఒక సేద్యగాడు తన కప్పుడు వస్త్రమును ఇచ్చివేసి ఎద్దును కొనుక్కొనును. ఇల్లాలి సాంగత్యమే అతనికి పొగలేని ఊకనిప్పు అని కవి చమత్కారము. చమత్కారమును అట్లుంచి, ఆ గాథ చెప్పు ఆర్థిక విషయమును చూడవలెను. చలి ముదిరిన మాసమున దుప్పటి కావలెనా, దుక్కిటెద్దు కావలెనా అను ప్రశ్న ఎదురైనప్పుడు రైతు ఎద్దునే ఎంచుకొనినాడు. చలి ఈ సంవత్సరముతో పోవును. ఎద్దు లేనిచో వచ్చు సంవత్సరపు పంటయే పోవును. ఊకనిప్పు ఎంత పాతదో కూడ ఈ గాథ మనకు తెలుపుచున్నది.

ఆ ఊకనిప్పు నిన్నమొన్నటి వరకును మన ఇండ్లలో వెలుగుచుండెడిది. వడ్లు దంచగా బియ్యము వంటయింటికి, తవుడు పశువులకు పోగా, మిగిలినది ఊక. మట్టి కుంపటిలో ఊక నింపి, పైన రెండు నిప్పుకణికలు వేసినచో అది మండదు, ఆరదు. రాత్రి యంతయు లోలోపల రాజుచునే యుండును. బాలింతల మంచము క్రింద, వృద్ధుల గదిలో ఉంచెడిది ఇట్టి కుంపటినే. పెరటిలో దాలిగుంట వేరొక ఉపాయము. గుంటలో పిడకలు పేర్చి నిప్పంటించి, వానిపై పాలకుండ నుంచెడివారు. ప్రొద్దుట పెట్టిన పాలు సాయంకాలమునకు ఎర్రబారి, పైన దళసరి మీగడ కట్టెడివి. పాలు కాగుచున్నంతసేపు ఇంటి పెద్దలు, పిల్లలు ఆ చుట్టుప్రక్కలనే చేరెడివారు. నీళ్ళపొయ్యి మీద పెద్ద కాగు, దాని క్రింద ఎండు తాటిమట్టలు, మామిడి పుల్లలు. తోటలో రాలిన ఏ పుల్లయు వ్యర్థముగా పోయెడిది కాదు.

ఇంటిలోని నిప్పు ఇంటివారిది. వీధిలోని చలిమంట ఊరిది. ఇది గమనింపదగిన భేదము. తెల్లవారుజామున ఎవరో ఒకరు నాలుగు ఆకులు, రెండు పుల్లలు చేర్చి మంట వేసెడివారు. దారిన పోవు ప్రతివాడును ఒక పుల్ల వేసి కొంతసేపు అరచేతులు కాచుకొనెడివాడు. పుల్ల వేయుటయే ఆ సభకు ప్రవేశ రుసుము. ఊరి వార్తలన్నియు, ఎద్దుల ధర మొదలు పెండ్లి సంబంధముల వరకు, అక్కడనే నడచెడివి. అయితే ఆ మంట దగ్గరను అందరును ఒకే వరుసలో కూర్చుండెడివారని మేము చెప్పము. ఊరికొక మంట, పేటకొక మంట ఉండెడివి. కుల వ్యవస్థ ఎండలో ఉన్నట్లే చలిలోను ఉండెడిది. వెచ్చదనమును పంచుకొనినారు గాని సమానముగా పంచుకొనలేదు. చరిత్ర వ్రాయువారు వేడుకలతో పాటు ఈ మాటను కూడ వ్రాయవలెను.

కప్పుకొనుటకు బొంత. మెత్తబడిన పాత చీరలను, ధోవతులను పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, పెద్ద సూదితో వరుసగా కుట్టు వేసెడివారు. మధ్యాహ్నపు ఎండపొడలో అరుగుమీద ఇద్దరు ముగ్గురు స్త్రీలు చెరియొక మూల పట్టుకొని కుట్టినగాని అది తెమిలెడిది కాదు. ఒక్క బొంతలో అమ్మమ్మ చీర అంచు, తల్లి పెండ్లినాటి రంగు, తండ్రి ఉత్తరీయము చేరెడివి. బొంతను విప్పి చూచినచో ఆ ఇంటి ముప్పది సంవత్సరముల బట్టల చరిత్ర పొరలలో కనబడును. గొఱ్ఱెల కాపరుల నల్ల గొంగళి దీనికి అన్న వంటిది. అది గొఱ్ఱె బొచ్చుతో నేసినది గనుక వానకు, చలికి రెంటికిని పనికివచ్చెడిది. కొత్త దుప్పటి కొనుట ఇంటిలో ఒక విశేషము. బొంత కుట్టుట ఏటేట జరుగు పని.

తిండి సంగతికి వత్తము. శ్రావణ భాద్రపదములలో తాటిపండ్లు తిని పిల్లలు పారవేసిన టెంకలను ప్రోగు చేసి, ఇసుక పాతరలో వేసి మట్టి కప్పెడివారు. మూడు నాలుగు నెలలకు, చలి పుట్టునప్పటికి, ఒక్కొక్క టెంక నుండి మొలక నేలలోనికి దిగి తేగ అగును. త్రవ్వి తీసి, కుండలో పేర్చి, మంటలో కాల్చి, పొట్టు ఒలిచి నమలుచున్నప్పుడు ఆ కమ్మదనమునకు ధర కట్టలేము. టెంకను పగులగొట్టగా లోపల దొరకు తెల్లని బుఱ్ఱగుంజు కొరకు పిల్లలు పోట్లాడుకొనెడివారు. ఒకే టెంక రెండు ఋతువులలో రెండు పర్యాయములు పిల్లల చేతికి వచ్చినదన్నమాట. జొన్నచేను పాలుపోసికొని గింజ గట్టిపడుచున్నప్పుడు పచ్చి కంకులు కాల్చి నలిపి తినెడి ఊచబియ్యము మరియొక వేడుక.

వీనికన్నిటికిని మకుటము ఉలవచారు. నేడు పెద్ద పెద్ద హోటళ్ళలోను, పెండ్లి విందులలోను మీగడతో వడ్డించుచున్న ఈ పదార్థము పుట్టినది పశువుల కొట్టమునకు ప్రక్కన. దుక్కి దున్ని, బండి లాగి అలసిన ఎడ్లకు బలముకొరకు ఉలవలు ఉడికించి పెట్టెడివారు. గింజలు ఎడ్లవి. మిగిలిన చిక్కని నీరు మనుష్యులది. ఆ ఉలవకట్టును చింతపండు, మిరపకాయ, తిరుగమోతలతో పొయ్యిమీద నెమ్మదిగా మరిగించి, మరిగించి చిక్కబరచినారు. ఉలవ ఒంటికి వేడి చేయునని మనవారి నమ్మకము గనుక అది చలికాలపు చారు అయినది. ఎద్దు తిన్న తరువాత యజమాని తినుట అనునది ఇక్కడ నీతివాక్యము కాదు, వంట పద్ధతి.

ఇక ధనుర్మాసము. డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతి ముందునాటితో ముగియు ఈ మాసమునకు మన జిల్లాతో ఒక సాహిత్య బంధము కలదు. కళింగ దండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరమునందలి శ్రీకాకుళములో ఆంధ్రవిష్ణుని సేవించినాడు. స్వామి స్వప్నములో కనబడి తెలుగున కావ్యము చెప్పుమని ఆజ్ఞాపించినట్లు రాయలు ‘ఆముక్తమాల్యద’ అవతారికలో తానే చెప్పుకొనినాడు. ఆ కావ్యకథకు నాయిక గోదాదేవి. ధనుర్మాసమున దినమునకొక పాశురము చొప్పున వైష్ణవాలయములలో చదువు 30 పాశురముల తిరుప్పావై ఆమె రచన. చలి వేకువలో చెలికత్తెలను నిద్రలేపి స్నానమునకు పిలుచుకొనిపోవు కన్యల వ్రతము అది. చలికి ముడుచుకొనవలసిన వేళను మేల్కొనవలసిన వేళగా మార్చుటయే ఆ మాసాచారము లోని కిటుకు.

మన పల్లెలలో ఆ వేకువ గొబ్బెమ్మలతో తెల్లవారును. కళ్ళాపి చల్లి, బియ్యపుపిండి ముగ్గు పెట్టి, ఆవుపేడ ముద్దలు నిలిపి, వానిపై గుమ్మడి పువ్వు, బంతి పువ్వు అలంకరింతురు. గొబ్బి ఆట ఎంత పాతది? తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించినారు. వారి సంకీర్తనలలో గొబ్బిపాట కలదు. కావున ఈ ఆట ఐదువందల యేండ్లకు తక్కువ కాదు. కాని గొబ్బెమ్మ తలపై నేడు మనము పెట్టు బంతి పువ్వును అన్నమాచార్యులు చూచియుండరు. బంతి మొక్క పుట్టిల్లు మెక్సికో దేశము. వాస్కో డ గామా 1498లో కళ్ళికోటకు చేరిన తరువాత, పోర్చుగీసువారి రాకపోకల మూలమున అమెరికా ఖండపు మొక్కలు ఒక్కటొక్కటిగా మన దేశమునకు వచ్చినవి. మిరపయు అట్లు వచ్చినదే. తియ్యగుమ్మడియు అట్లు వచ్చినదే. బూడిదగుమ్మడి మాత్రము మన ఖండపుది. దాని పువ్వును పచ్చనిదే. వెనుకటి గొబ్బెమ్మ ఆ పువ్వును ధరించి యుండవచ్చును.

దీనినుండి మనము గ్రహింపవలసిన విషయము ఒకటి కలదు. అనాదిగా మారని ఆచారమని మనము తలచునది నిజమునకు మారుచునే వచ్చినది. సముద్రములు దాటి వచ్చిన పువ్వును మన ముంగిట పేడముద్దపై నిలిపి, అది మన పువ్వే అనునంతగా ఇముడ్చుకొనినారు మన ముత్తవ్వలు. పువ్వు మారినను మారనిది ఆ వేకువ, ఆ చేతిపని, ఆ చేరిక.

గొబ్బెమ్మల కథ ముంగిటితో ముగియదు. సాయంకాలము వానిని తీసి గోడకు పిడకలుగా కొట్టెడివారు. నెల రోజుల పిడకలు ఎండి ప్రోగుపడెడివి. నడుమ చిల్లులుండునట్లు చేసిన చిన్న గొబ్బిపిడకలను దండలుగా గ్రుచ్చి పిల్లలు భోగిమంటలో వేసెడివారు. మిగిలినవి మాఘమాసములో రథసప్తమి వరకు దాచెడివారు. ఆ దినమున తులసికోట ముందర ఆ పిడకల నిప్పుపై పాలు పొంగించి, క్రొత్త బియ్యము, బెల్లము వేసి పరమాన్నము వండి, చిక్కుడాకులలో సూర్యునికి నివేదించెడివారు. నేటికిని ఎన్నో ఇండ్లలో ఈ ఆచారము సాగుచున్నది. ముగ్గులో అలంకారము, భోగినాడు ఆట, రథసప్తమినాడు వంటచెరకు: పేడముద్ద ఒక్కటి, ప్రయోజనములు మూడు.

పండుగ దినములలో బొమ్మల కొలువు మరియొక ముచ్చట. ఇందులకు మన సమీపముననే కొండపల్లి కలదు. తేలికయైన తెల్లపొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టును చింతగింజల పొడితో కలిపిన ముద్దతో అవయవములను అతికి, రంగులు వేయుట అక్కడి పనివారి విద్య. రంపపు పొట్టు, చింతగింజ! ఇక్కడను మిగులు వస్తువే కళ అయినది. దశావతారములు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కు గీతగాడు కొలువుమెట్ల పైకి వచ్చిరి. కొనలేని ఇండ్లలో బంకమట్టి బొమ్మలు, గుడ్డ పీలికల బొమ్మలు చేసి పెట్టుకొనెడివారు. పేరంటమునకు పిలుచునప్పుడు ఎవరి బొమ్మలు ఎక్కువ ధర పలికినవి అని ఎవరును అడిగెడివారు కారు.

ఇన్ని వేడుకలును ఈ మాసములలోనే ఏల చేరినవి? కారణము కళ్ళము. వరి కోసి, కుప్పవేసి, నూర్చి, గింజ ఇల్లు చేరు కాలము ఇది. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, రజకునికి, క్షురకునికి సంవత్సరమంతయు చేసిన పనికి ప్రతిఫలము కళ్ళములోనే మేర రూపమున గింజలుగా కొలిచెడివారు. హరిదాసు తలపై అక్షయపాత్రతో, చేత చిరుతలతో వచ్చినను, గంగిరెద్దును అలంకరించి ఆడించుచు వచ్చినను, బుడబుక్కల వాడు తెల్లవారుజామున వాకిట నిలిచినను, వారు వచ్చినది ఇంటింట గింజ ఉన్న దినములలోనే. చేటలో బియ్యము పట్టుకొని పరుగిడి వచ్చు పాప పెట్టినది భిక్షము మాత్రమే కాదు. ఆ కళాకారునికి అది సంవత్సర వేతనములో ఒక భాగము.

మెట్టపల్లెలలో నిత్యాహారము జొన్న. వరియన్నము పండుగ భోజనము. అందుచేత క్రొత్త బియ్యముతో చేయు అరిసెకు ఇక్కడ అంత గౌరవము. అరిసె ఒంటిచేతితో అగు వంట కాదు. బియ్యమును ఒక దినమంతయు నానబెట్టి, వడియగట్టి, తడి ఆరకముందే దంచవలెను. బెల్లపు పాకము ఉండపాకమైనదో లేదో నీళ్ళలో వేసి చూడవలెను. క్షణము ముదిరినచో అరిసె రాయి అగును. లేతగా ఉన్నచో నూనెలో విరిగిపోవును. ఒకరు దంచుట, ఒకరు జల్లించుట, ఒకరు పాకము చూచుట, ఒకరు నువ్వులద్ది తట్టుట, ఒకరు వేచి చెక్కల నడుమ ఒత్తి నూనె తీయుట. నేడు మీ ఇంట, రేపు మా ఇంట అను వంతు ఈ అవసరము నుండి పుట్టినదే. పెద్ద ఇండ్లలో రోకలి పట్టినవారు కూలిజనము. వారి పాలికి నూకలు, తవుడు, నాలుగు అరిసెలు వచ్చెడివి. ఇరువదవ శతాబ్దములో బియ్యపు మరలు వచ్చి ఆ రోకటి పోటు ఆగినది. స్త్రీల భుజములకు విశ్రాంతి కలిగినది. కూలికి దంచువారి నూకలును పోయినవి. 1948 నాటి చట్టముతో మద్రాసు రాష్ట్రమున జమీందారీలు రద్దయినవి. నూజివీటి సీమలో భూమి లెక్కలు మారినవి. గింజల మేర స్థానములో క్రమముగా రొక్కపు కూలి వచ్చినది. మేర పోవుటచే పరాధీనత కొంత తగ్గినది. కళ్ళముతో ఊరందరికిని ఉన్న బంధమును తగ్గినది. రెండును నిజములే.

సంక్రాంతిని గూర్చి ఒక ఖగోళ విశేషము చెప్పవలసియున్నది. ఉత్తరాయణము మొదలు అని మనము జనవరి 14న గాని 15న గాని పండుగ చేయుచున్నాము. సూర్యుడు వాస్తవముగా ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. భూమి అక్షము మెల్లగా తిరుగుటచే నక్షత్రములను బట్టి లెక్కించు మన సంక్రమణము దాదాపు 72 సంవత్సరములకు ఒక దినము చొప్పున జరుగుచు వచ్చినది. వెనుకకు లెక్కించినచో సుమారు 1700 సంవత్సరముల క్రిందట, ఇక్ష్వాకులు కృష్ణాతీరమున విజయపురిలో రాజ్యము చేసిన కాలప్రాంతమున, ఆ రెండును ఒక్కటిగా ఉండెడివి. నేడు పండుగ మూడు వారములు దాటి వెనుకబడినది. అయినను నష్టము లేదు. పొద్దు పెరుగుట మొదలిడినను చలి వెంటనే తగ్గదు. భోగిమంటకు అవసరము తీరలేదు. సంక్రాంతి ముందునాటి రాత్రి పంజాబులో లోహ్డీ మంట వేయుదురు. అక్కడను నువ్వులు, బెల్లమే. చలికాలపు నడుమ నిప్పు చుట్టు మనుష్యులు చేరుట ఒక్క దేశపు సొత్తు కాదు.

ఇంతవరకు చెప్పినవి ఏ మెట్టపల్లెకైనను కొంచెము హెచ్చుతగ్గులుగా వర్తించును. మామిడి సీమకే ప్రత్యేకమైన విషయము ఇక చెప్పవలెను. ఇక్కడ చలి ఓర్చుకొనవలసిన బాధ మాత్రమే కాదు, కోరుకొనవలసిన వరము. కొన్ని వారములపాటు రాత్రులు చల్లగా ఉన్నగాని మామిడికొమ్మ చివర ఆకుమొగ్గకు బదులు పూమొగ్గ పుట్టదు. చలి తప్పిన సంవత్సరము చెట్టు చిగురు వేయును గాని పూయదు. ఫిలిప్పీను దీవులలో రైతులు పూర్వము చెట్ల క్రింద పొగబెట్టి పూత రప్పించెడివారు. మన సీమలో ఆ పని చలియే చేయును. కావున ధనుర్మాసమున చలి ముదిరి పిల్లలు వణకుచుండగా తండ్రి మనస్సులో ఒక మూల సంతోషము.

అయితే ఆ సంతోషము నిలకడలేనిది. చలి కావలెను, మబ్బు, పొగమంచు కారాదు. అట్టి వాతావరణములో తేనెమంచు పురుగు పూతరసము పీల్చును. బూడిద తెగులు పూగుత్తిని తెల్లబరచి రాల్చును. ఒక్కొక్క గుత్తిలో వందలు, వేలు పూలుండును. కడవరకు నిలుచునవి ఒకటి, రెండు కాయలు. ఇక వ్యాపారి తోటను చూడ వచ్చునది తరచుగా ఈ పూతవేళనే. పూతమీద గుత్తకు ఇచ్చివేసినచో పండుగకు రొక్కము చేతికి వచ్చును. మంచు తెచ్చు నష్టము వ్యాపారిది. ఇవ్వక నిలుపుకొన్నచో వేసవిలో రసాలు, బంగినపల్లి మంచి ధర పలుకవచ్చును. ఒక్క వారపు పొగమంచుతో అంతయు రాలిపోవచ్చును. అరిసెల పాకము లోపల ఉడుకుచుండగా అరుగుమీద తేలవలసిన లెక్క ఇది. ఆనాటి గాథలోని సేద్యగాడు దుప్పటికిని ఎద్దుకును నడుమ నిలిచినాడు. ఈనాటి తోట రైతు పండుగ రొక్కమునకును వేసవి పండ్లకును నడుమ నిలుచుచున్నాడు. ఊక నుండి నిప్పు చేసికొనవచ్చును, టెంక నుండి తేగ చేసికొనవచ్చును. మామిడి పూతను మాత్రము ఇంటిలో చేసికొనుటకు వీలులేదు. దానికొరకు కాచుకొనవలెను. ఆ కాచుకొను రాత్రులు భారముగా గడవకుండుటకే కాబోలు ఇన్ని చిన్న వేడుకలు చుట్టును అల్లుకొన్నవి.

ఇటీవలి కాలమున ఈ మాసముల రూపు మారినది. గ్యాసు పొయ్యి వచ్చి దాలిగుంట పూడినది. స్త్రీల కండ్లకు పొగ బాధ తప్పినది. దానికి విచారించు పని లేదు. దుప్పట్లు చవుక అయినవి. తేగలు కట్టలుగా సంతకు వచ్చుచున్నవి. అరిసెలు దుకాణములలో పెట్టెలలో దొరకుచున్నవి. ఇవి సౌకర్యములు. కాని కొన్ని చోట్ల భోగిమంటలో రబ్బరు టైర్లు, ప్లాస్టిక్ వస్తువులు వేయుట కనబడుచున్నది. భోగిమంట పుట్టినది ఇంట నిరుపయోగమైన కర్రను ఊరికి ఉపయోగపడు వెచ్చదనముగా మార్చుటకు. ఊపిరి సలుపని పొగ పుట్టించునది ఆ పరంపరలోనిది కాదు. ఏది కాల్చదగినది, ఏది దాచదగినది అని సంవత్సరమునకొక పర్యాయము ఇల్లంతయు తరచి చూచి నిర్ణయించుటయే భోగి ముందునాటి అసలు పని. పాత ఉత్తరములు, తాటాకు కట్టలు, బొంతలు బయటపడునది అప్పుడే. పనికిరానిదని నిప్పులో వేయుటకు ముందు ఇంటి పెద్దవారిని ఒక మాట అడుగుట మంచిది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, చలికాలపు ముంగిట, ప్రారంభమైనది. రేడియో ఇంటింటికి రాని ఆ తొలి సంవత్సరములలో ఒక పెట్టె చుట్టు ఇరుగుపొరుగు చేరి వినెడివారు. చలిమంటకు పట్టిన అలవాటే రేడియోకును పట్టినది. ఒక పుల్ల వేసి కూర్చుండుట తెలిసిన ఊరికి, ఒక పాటకు కలిసి కూర్చుండుట క్రొత్త కాదు. వస్తువులు మారును. టెంక, ఊక, బంతి పువ్వు, రేడియో ఒకదాని వెంట ఒకటి వచ్చును. వానిని నలుగురికి పనికివచ్చునట్లు మలచుకొనుటయే ఈ సీమ చలికాలము మనకు అప్పగించిన ఆస్తి.

ఈ సంవత్సరము మన ఇండ్లలో కనీసము ఒక్క వేడుకయైనను కొనకుండ చేసికొందము. పాత చీరలు రెండు తీసి బొంత కుట్టుట కావచ్చును. మిగిలిన పూలతో ఒక్క గొబ్బెమ్మ కావచ్చును. ప్రక్కింటివారిని పిలిచి ఒక్క వాయ అరిసెలు వేయుట కావచ్చును. మామిడి చెట్లు తమ పని తాము చేయుచుండును. పూత నిలుచునా, నిలువదా అన్నది మాఘము వెళ్ళినగాని తెలియదు. అంతవరకు చలి ఉండును. మనము నలుగురము ఉందుము.